చాటుపాటకు ముద్ర ఏది?
ఐరోపా అజ్ఞాతసంగీతము, తెలుగు ప్రజాగేయము: ఒక పరిశీలనము

1. విషయప్రవేశము

సంగీతచరిత్రను వ్రాయువారు సామాన్యముగా రెండు వాకిళ్లచెంత నిలిచి చూతురు. ఒకటి రాజసభయు, దాని తరువాత దాని స్థానమునకు వచ్చిన పట్టణపు సంగీతసభయు. రెండవది గ్రామఫోను రికార్డు, రేడియో, చలనచిత్రము అను మూడింటితో కూడిన విపణి. ఈ రెండు వాకిళ్లలో దేనిగుండను పోక, ఒకరి నోటినుండి వేరొకరి చెవికి, ఆ చెవినుండి మరల నోటికి సాగిపోయిన పాట చరిత్రగ్రంథములకు ఎక్కుట అరుదు. ఎక్కినను 'జానపదము' అనియో, 'ప్రచారగేయము' అనియో ఒక్క మాట అని విడిచిపెట్టుట పరిపాటి.

ఐరోపాఖండమున రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇట్టి పాటకు ఒక ప్రత్యేకచరిత్ర ఏర్పడినది. రష్యాలో ప్రభుత్వము ఒల్లని పాట, బొహీమియాలో అనుమతిపత్రము లేని వాద్యబృందము, ఇంగ్లండులో పెద్ద సంస్థల గడప తొక్కని రికార్డు, ఈ మూడును ఆ చరిత్రలోనివే. వీనిని అక్కడివారు అజ్ఞాతసంగీతమనియు, స్వతంత్రసంగీతమనియు వ్యవహరింతురు. తెలుగున 'చాటు' అనగా మరుగు. 'చాటుట' యనగా నలుగురికిని తెలియునట్లు ప్రకటించుట. చాటున పుట్టి లోకమునకు చాటబడిన పాట గనుక దానిని ఈ వ్యాసమున 'చాటుపాట' యని పిలిచెదను.

చాటుపాటను గూర్చి మన విమర్శకులు వ్రాసినది తక్కువ కాదు. కాని వారు చూచినది పెక్కుచోట్ల మాటలను మాత్రమే. పాటలో తిరుగుబాటు ఉన్నదా, పేదవాని ప్రస్తావన ఉన్నదా అని పరిశీలించి తీర్పు చెప్పిరి. పాట స్వతంత్రమైనదా కాదా యనునది దాని మాటలవలన తేలదని నా అభిప్రాయము. అది ఏ దారిని పోయినది, ఆ దారి ఎవరి అధీనమున ఉన్నది, విన్నవాడు తిరిగి పాడుటకు ఎవరి అనుమతి కావలసియున్నది, ఈ మూడు ప్రశ్నలవలననే అది తేలును. నాలుగవ ప్రశ్న ఒకటి కలదు. అట్టి పాటకు కర్త పేరేమగును? ఈ వ్యాసము ముఖ్యముగా ఆ నాలుగవ ప్రశ్నను గూర్చినది.

2. ముద్ర అను సంప్రదాయము

రాయచూరు సీమవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ అంతర్వేదిలో, యరగేరవంటి గ్రామములలో, కన్నడము తెలుగు రెండును ఒకే వీథిలో వినవచ్చును. ఈ నేల హరిదాసుల నేల. విజయదాసు పుట్టిన చీకలపర్వియు, జగన్నాథదాసు నివసించిన మాన్వియు ఈ జిల్లాలోనివే. దాసులపదము రాజసభను ఆశ్రయింపలేదు. తంబురయు చిడతలును చేతబట్టి, వాకిట వాకిట నిలిచి పాడినవారివలన అది వ్యాపించినది. తాళపత్రమున వ్రాయబడకముందే అది వేలమందికి కంఠస్థమై యుండును.

ఇట్లు కావలి లేక తిరిగిన పాటకు కర్త పేరు ఎట్లు నిలిచినది? అంకితమువలన. చివరిచరణమున పురందర విఠలుడనియో, జగన్నాథ విఠలుడనియో దైవనామమును చేర్చుటచేత, పాడినవాడు ఎవడైనను పాట ఎవరిదో వినువారికి తెలియుచుండెను. తెలుగున క్షేత్రయ్యకు మువ్వగోపాల ముద్ర అట్టిదే. ముద్ర పాటపై హక్కును నిలుపుటకు పెట్టినది కాదు. పాడవద్దని అది ఎవరిని నిషేధింపదు. పాట అందరిది, పేరు ఒకరిది. ఈ రెండింటిని కలిపి నిలిపిన ఉపాయమది. దీనిని మనసున నుంచుకొని ఇప్పుడు ఐరోపాకు పోదము.

3. పేరు చెప్పిన చెరసాల

యుద్ధానంతరము లెనిన్‌గ్రాడు నగరమున ఒక విచిత్రమైన రికార్డు వెలువడెను. విదేశపు జాజ్ సంగీతమును, దేశము విడిచిపోయిన గాయకుల పాటలను సోవియట్ ప్రభుత్వము అనుమతించుట లేదు. రికార్డు చేయుటకు తగిన పదార్థము సామాన్యులకు దొరకదు. వైద్యశాలలు వాడి పారవేసిన ఎక్స్-రే పటములు మాత్రము దొరకును. వానిని కత్తెరతో గుండ్రముగా కోసి, నడుమ సిగరెట్టుతో రంధ్రము చేసి, ఇంటిలో కూర్చుకొన్న యంత్రముతో వానిపై పాటను గీసిరి. దీపమునకు ఎదురుగా పట్టిన ఎవరిదో ప్రక్కటెముకయో, పుర్రెయో కనబడును. యంత్రముపై పెట్టిన ఏదో పాట వినబడును. జనులు వీనిని 'ఎముకలు' అనిరి. కొన్నిసార్లు వేయగానే అవి అరిగిపోవుచుండెను. ఈ పనిలో ఆరితేరిన రుస్లాన్ బొగొస్లోవ్‌స్కీ పలుమార్లు కారాగృహమునకు పోయెను. ఆ పటముపై పాడినవాని పేరు లేదు, చేసినవాని పేరు లేదు. ఎముక ఎవరిదో ఆ రోగి పేరు కూడ లేదు.

1960ల నాటికి టేపు రికార్డరు ఇండ్లలోనికి వచ్చినది. బులాత్ ఒకుద్‌జావా, అలెగ్జాండర్ గాలిచ్, వ్లదీమిర్ వైసోత్‌స్కీ మొదలగువారు స్నేహితుల వంటయిండ్లలో గిటారు మీటుచు పాడిరి. విన్నవారు టేపుపై ఎక్కించుకొనిరి. వారినుండి మరియొకరు, వారినుండి ఇంకొకరు. గాలిచ్ 1971లో రచయితల సంఘమునుండి వెలివేయబడి 1974లో దేశము విడిచెను. వైసోత్‌స్కీ పాటలలో ఆయన జీవితకాలమున ప్రభుత్వసంస్థ అచ్చువేసినవి కొలది. టేపులపై దేశమంతట తిరిగినవి వందలు. 1980 జూలైలో ఆయన మరణించినప్పుడు మాస్కోలో వేలకొలది జనులు పిలువకయే చేరిరి. ఈ టేపులపైనను ముద్ర లేదు; కాని ఆ గొంతే ముద్ర.

బొహీమియా కథ ఇంతకంటె తీక్ష్ణమైనది. 1968 ఆగస్టున వార్సా ఒడంబడిక సేనలు చెకొస్లొవేకియాలో ప్రవేశించెను. కొలది వారములలోనే ప్రాగ్ నగరమున 'ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్' అను వాద్యబృందము ఏర్పడెను. ఆ దేశమున బహిరంగముగా వాయించి ప్రతిఫలము పొందుటకు అనుమతిపత్రము వలయును. 1970లో వీరు దానిని పోగొట్టుకొనిరి. అప్పటినుండి వారికి మిగిలిన సభాస్థలి స్నేహితుల పెండ్లి. 1976 ఫిబ్రవరిలో వారి మార్గదర్శకుడైన ఇవాన్ మార్టిన్ యిరోస్ పెండ్లి బొయనొవీచె గ్రామమున జరిగినది, అదియే సంగీతోత్సవమైనది. తరువాతి నెలలో నిర్బంధములు, సెప్టెంబరున విచారణ. యిరోస్‌కు 18 నెలలు, తక్కిన ముగ్గురికి 8 నెలలు మొదలు 12 నెలల వరకు శిక్ష పడెను.

ఇక్కడ మన విమర్శకులు గమనింపవలసిన విషయము ఒకటి కలదు. ఆ బృందము పాటలలో రాజకీయము స్వల్పము. ప్రభుత్వమును కూలద్రోయుమని వారు పాడలేదు. తమ పాటకు తామే దారి వేసికొనుటయే వారి నేరము. పాటను గాక దారిని శిక్షించిన తీర్పు అది. వాత్స్లావ్ హావెల్ మొదలగు రచయితలు ఆ విచారణను చూచి కదలిరి. 1977 జనవరిలో వెలువడిన 'చార్టర్ 77' పత్రమునకు అది ఒక ముఖ్యకారణమైనది.

4. విపణిలో స్వాతంత్ర్యము

పశ్చిమమున ప్రభుత్వము పాటను ఆపలేదు. ఆపినది విపణి. ఇంగ్లండులో కొలది సంస్థలు రికార్డులు చేయుట, అమ్ముట రెండింటిని తమ చేత నుంచుకొనియుండెను. 1977 జనవరిలో మాంచెస్టరు నగరమునకు చెందిన 'బజ్‌కాక్స్' బృందమువారు బంధుమిత్రులవద్ద సుమారు 500 పౌండ్లు అప్పు చేసి, 'స్పైరల్ స్క్రాచ్' అను రికార్డును తామే వెలువరించిరి. తొలుత అచ్చువేసినవి 1000 ప్రతులు. తుదకు అమ్ముడైనవి సుమారు 16,000. దాని అట్టపై ప్రతిపాట ఎన్నవమారు పాడినప్పుడు ఎక్కించిరో ఆ లెక్క కూడ ముద్రించిరి. ఇది చిన్నవిషయము కాదు. రహస్యముగా నుండిన పనిని విప్పి చూపుట అది; చూచినవాడు తానును చేయగలనని అనుకొనుటకది ఆహ్వానము. ఇదియు ఒక విధమైన ముద్రయే. కర్త పేరు మాత్రమే కాక, కార్యము జరిగిన తీరును కూడ తెలుపు ముద్ర.

1976లో జెఫ్ ట్రావిస్ పశ్చిమలండనులో 'రఫ్ ట్రేడ్' అను అంగడిని తెరచెను. అది 1978లో రికార్డు సంస్థగా కూడ మారి, ఊరూర చిన్న అంగళ్లను కలుపుచు పంపిణీవ్యవస్థను నెలకొల్పెను. 1980 జనవరినుండి స్వతంత్రరికార్డులకు ప్రత్యేకముగా ఒక అమ్మకపు పట్టిక వెలువడెను. ఆ పట్టికలో చేరుటకు నియమమేమి? పాట ఎట్టిదో అడుగలేదు; పెద్ద సంస్థల పంపిణీతో సంబంధము లేక అమ్ముడైనదా అని మాత్రమే అడిగిరి. స్వాతంత్ర్యము దారిలో ఉన్నదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

కాని కథ అక్కడ ఆగలేదు. 1986 నాటికి 'స్వతంత్రము' అనునది ఒక బాణీకి పేరైపోయెను. రఫ్ ట్రేడ్ పంపిణీ 1991లోను, మాంచెస్టరు 'ఫాక్టరీ' సంస్థ 1992లోను కూలిపోయినవి. దారి పోయినది, పేరు మిగిలినది. తరువాత పెద్ద సంస్థలు సైతము ఆ పేరితో ఆ బాణీని అమ్ముకొనిరి.

5. తెలుగునాట

మనకు ఎక్స్-రే పటము లేదు, తొలినాళ్లలో టేపు లేదు. మన చాటుపాటకు వాహనము వరస. ప్రజలకు ముందే తెలిసిన వరసలో క్రొత్తమాటలు కూర్చినచో పాట ఒక్క వినికిడితో సగము వచ్చును. పల్లవి మరల మరల వచ్చుటచేత తక్కిన సగము వచ్చును. ఐరోపాలో యంత్రము చేసిన పనిని ఇక్కడ జ్ఞాపకశక్తి చేసినది. యంత్రమును పోలీసువారు ఎత్తుకొనిపోగలరు, వరసను ఎత్తుకొనిపోలేరు.

గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అను గేయమువలన 1922లో చెరసాలకు పోయెను. పాటకు పేరున్నది, పేరునకు శిక్ష ఉన్నది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టెను. బుర్రకథలో కథకునకు ఇరుప్రక్కల వంతలు ఇద్దరు. ఒకడు హాస్యము చెప్పును, ఒకడు రాజకీయము చెప్పును. పాతకథ నడుచుచుండగనే నేటి సంగతిని జొప్పించుటకు ఈ రూపములోనే తావున్నది. షేక్ నాజరు చేతిలో అది ఎంత పదునెక్కినదో చెప్పుటకు మద్రాసు ప్రభుత్వపు నిషేధమే సాక్ష్యము. ఆ నాజరునకే 1986లో పద్మశ్రీ వచ్చినది.

1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతుపోరాటము నైజాము రాజ్యములోనిది. నాడు నల్లగొండ, వరంగల్లు, రాయచూరు ఒకే రాజ్యము. 1956 నవంబరున రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయెను. సరిహద్దుగీత నేలను చీల్చినది గాని, వరసలను చీల్చలేదు. ఆ పోరాటమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, ఫకీరు వేషము మొదలగు రూపములను వాడుకొనెను. బండి యాదగిరి పాట ఊరూర మ్రోగెను. ఆ పాటను ఎరిగినవారు లక్షలమంది. ఆ యాదగిరి ఎట్లు బ్రతికెనో ఎరిగినవారు ఎందరు? పాట నడచినంత దూరము పేరు నడువలేదు.

1972లో ఏర్పడిన జననాట్యమండలి ఈ మార్గమునే విస్తరించెను. గద్దరు భుజమున గొంగడి, చేత కఱ్ఱ, కాళ్లకు గజ్జెలు, ప్రక్కన డప్పు. ఉత్తరాంధ్రనుండి వంగపండు ప్రసాదరావు. చిన్న పాటలపుస్తకములు, 1980లలో క్యాసెట్లు. గద్దరు 1985లో అజ్ఞాతమునకు పోయి 1990లో బయటికి వచ్చెను. 1997 ఏప్రిలులో ఆయనపై కాల్పులు జరిగెను. 'గద్దరు' అనునది గదర్ పార్టీ పేరునుండి గ్రహించినది. గుమ్మడి విఠల్‌రావు అను తల్లిదండ్రులు పెట్టిన పేరు దానివెనుక మరుగుపడినది. చాటుపాటలో ముద్ర ఇట్టి వేషమును ధరింపవలసి వచ్చినది.

6. వెలుగులోనికి వచ్చిన పిదప

చాటుపాట బయటికి వచ్చినప్పుడు ఏమగును? గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి. నరసింగరావు నిర్మించిన 'మా భూమి' (1979) చిత్రమున యాదగిరి పాటను గద్దరు తెరపై కనబడి పాడెను. హనుమంతు పసులకాపరి పాటయు అందులో చేరెను. ఈ చిత్రము ఆ పాటలకు మేలే చేసినదని నా అభిప్రాయము. పాటను దాని కథతోను, దాని పోరాటముతోను కలిపి చూపినది. పాడినవాడును ఆ దారిలో నడచినవాడే. కాని అన్ని ప్రవేశములు ఇట్టివి కావు. వంగపండు పల్లవి ఒకటి 2009లో ఒక జనరంజకచిత్రమున వాడబడినప్పుడు కర్త అనుమతి లేదని వివాదము పుట్టినది. ఊరివాడు పాడుకొన్నప్పుడు అనుమతి అక్కరలేదు. ధనము గడించువాడు పాడినప్పుడు అక్కరకు వచ్చును. ఈ భేదమును గుర్తింపనివారు 'అది ప్రజలపాట, ఎవరైన వాడుకొనవచ్చును' అందురు. ప్రజలపాట యనుట కర్తలేని పాట యనుట కాదు.

2023 ఆగస్టున గద్దరు కన్నుమూయగా ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. 2025 జూనులో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములను ఆయన పేర ప్రదానము చేసెను. ఒకనాడు ప్రభుత్వము వెదకిన పేరు నేడు ప్రభుత్వమే ఇచ్చు బిరుదముపై నిలిచినది. దీనిని కొందరు గౌరవమందురు, కొందరు పరాజయమందురు. నాకు తోచినది వేరు. బిరుదమున పేరు నిలిచినది; దారి నిలిచినదా? ఇంగ్లండులో 'స్వతంత్రము' అనుమాట బాణీగా మిగిలి దారి పోయినట్లు, మనకు కూడ గొంగడియు గజ్జెయు వేషముగా మిగిలి, విన్నవాడు తానే పాడువాడగు దారి పూడిపోవునేమో అని శంక.

ఇక దోషములను కూడ చెప్పవలెను. తెలిసిన వరసలో పాట కట్టుట సులభము గనుక అలసత్వమును కూడ అది తెచ్చినది. నినాదమును పల్లవిగా మార్చి, ఒకే దరువుపై పది పాటలు నడిపినవారు కలరు. అట్టివి సభ ముగియగనే ముగిసినవి. హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' ఎందుకు నిలిచినది? అందులో బోధ లేదు. పాలు మరచి ఎన్నాళ్లో కాని ఒక బాలుని ఎదుట కూర్చుండి, ఒకదానివెంట ఒకటి ప్రశ్నలు వేసినది. ప్రశ్నకు జవాబు వినువాని గుండెలో పుట్టును. అది కళ. దారి స్వతంత్రమైనంత మాత్రమున పాట మంచిది కాదు. దారి నిలిచినను పాట నిలువవలెను.

మరియొక దోషము ఇంకను లోతైనది. ఈ పాటల వరసలు ఎవరివి? నాటువేయు స్త్రీలవి, జోలపాడు తల్లులవి, డప్పు కొట్టు మాదిగ కళాకారులవి, ఒగ్గుకథకులవి. ఉద్యమకవి తన పేరును పోలీసు భయమున దాచెను, అది అర్థమగును. వరస ఇచ్చినవారి పేరు దాచుటకు అట్టి భయము లేదు. వారిని అడిగినవారే లేరు. బొగొస్లోవ్‌స్కీ పటముపై ఎముక ఎవరిదో తెలియనట్లే, మన ప్రజాగేయము క్రింద నున్న వరస ఎవరిదో తెలియదు.

మన పాట భూమికొరకు పుట్టినది, వారి పాట పట్టణయువకుల వినోదముకొరకు పుట్టినది, ఈ రెంటికి పోలిక ఎక్కడిదని ఒక ఆక్షేపణ రావచ్చును. భేదమున్నమాట నిజము. ఆకలితో పాడినవానిని, విసుగుతో పాడినవానిని ఒకే త్రాసున తూచరాదు. కాని నేను పోల్చినది ఆకలిని కాదు, దారిని. తమ వాకిటిగుండ పోని పాటను చూచి అధికారము అక్కడను ఇక్కడను ఒకే రీతిగా ఉలికిపడినది.

7. చేయదగిన పని

యిర్జీ గ్రున్‌టోరాద్ అను చెక్ దేశీయుడు రహస్యప్రచురణల కారణముగా నాలుగేండ్లు కారాగృహమున నుండి, 1990లో ప్రాగ్‌లోని తన నివాసముననే నిషిద్ధగ్రంథముల భాండాగారమును స్థాపించెను. పుస్తకములతోపాటు అజ్ఞాతసంగీతపు ధ్వనిముద్రణములును అందు చేరినవి. మనకును పూర్వులు లేకపోలేదు. నోట నోట తిరిగిన చాటుపద్యములను వేటూరి ప్రభాకరశాస్త్రి కూర్చి పెట్టెను. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయముపై పరిశోధన జరిపి మార్గము చూపెను. వారు పద్యమునకు, జానపదమునకు చేసిన పనిని చాటుపాటకు చేయవలసియున్నది.

ఈ పని రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములే చేయునని ఊరకుండరాదు. సరిహద్దున నున్న పాట ఇరువైపులవారి లెక్కకును రాక జారిపోవును. యరగేరలో మొదట గుల్బర్గా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తరకేంద్రము ఉండెను. తరువాత అది రాయచూరు విశ్వవిద్యాలయమునకు నెలవైనది. కన్నడవిద్యార్థియు తెలుగువిద్యార్థియు కలిసి ఒక వరసను రెండు భాషలలో వినుటకు ఇంతకంటె తగిన తావు ఏది? తెలుగుసంఘములు వారికి తోడ్పడిన చాలును.

సేకరించువారు మాటలను మాత్రము వ్రాసికొనిన ప్రయోజనము లేదు. పాడినవారు ఎవరు, ఎవరివద్ద నేర్చిరి, ఆ వరసలో అంతకుముందు ఏ పాట ఉండెను, ఏ సందర్భమున పాడిరి, ఏ చరణము తరువాత చేరినది, ఈ ఐదింటిని ప్రతిపాటకును వ్రాయవలెను. గొంతును ధ్వనిముద్రణము చేయవలెను. పేరు వెల్లడించుట వారికి సమ్మతమా యని ముందుగా అడుగవలెను, వలదన్నచో దాచవలెను. భయమువలన పేరు దాచుట వేరు, ఉపేక్షవలన పేరు పోగొట్టుట వేరు. మొదటిది చాటుపాటకు ధర్మము. రెండవది మన అపరాధము.

దాసులు చివరిచరణమున ముద్ర ఉంచి పోయిరి గనుక నేటికిని వారి పదము వారిదే, పాడువాడు మాత్రము ఎవడైనను కావచ్చును. చాటుపాట కట్టినవారికి అట్టి అవకాశము లేకపోయెను. ఆ చివరిచరణమును పూరించుట పరిశోధకుల వంతు. పాడినవారిలో పెక్కుమంది వృద్ధులు. ఈ పనిని ఈ సంవత్సరమే మొదలుపెట్టుట యుక్తము.